తొమ్మిది మీటర్ల మాస్టుకి మూరెడు పాదం

హామ్ రేడియో వాళ్ళు, అంటే సరదా కొద్దీ లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరాలకి మాట్లాడేవాళ్ళు, నలుగురు ఒకచోట చేరితే సెట్టు గురించి మాట్లాడతారు, యాంటెన్నా గురించి మాట్లాడతారు, ఆ యాంటెన్నాని మోసే స్తంభం, అంటే మాస్టు, ఎంత ఎత్తు లేపాలో గంటల తరబడి వాదించుకుంటారు. ఆ మాస్టు అడుగు దేని మీద ఆనుతుందన్నది మాత్రం మాటల్లోకి రాదు. రాతినేల ఉన్న ఊళ్ళలో ఆ ప్రశ్న వేసుకోకపోయినా పని జరిగిపోతుంది. ధవళేశ్వరం దిగువన జరగదు. ఇక్కడ నేలంటే గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఒక చేలో బురద, పక్క మెరకలో బీటలు, పాయ దాటితే లంక ఇసుక, అంతర్వేది వైపు వెళ్తే ఉప్పు పట్టిన ఇసుక. ఎంత సులువుగా మేకు దిగుతుందో అంత సులువుగానూ ఊడి వస్తుంది.

అందుకే డెల్టాలో మాస్టు పని పాదం దగ్గర మొదలుపెట్టాలంటాను. ముందు పాదం చేయించుకోవాలి. దాని చుట్టూ తాళ్ళు కట్టే లంగర్లు ఏ నేలకి ఎలాంటివి కావాలో తేల్చుకోవాలి. గొట్టాలు కొనడం ఆ తరవాత. ఎత్తు గురించిన వాదన అన్నిటికంటే ఆఖరున.

వెంట మోసుకెళ్ళే మాస్టు మనకి ఎందుకు? 1996 నవంబర్ 6 తుపాను కోనసీమని తాకినప్పుడు కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు, కొబ్బరి చెట్లు కలిసి నేలకొరిగాయి. 2022 జూలై వరదలో లంక గ్రామాలు నీళ్ళలో నిలిచిపోయాయి. అలాంటి రోజుల్లో రేడియోలో కబురు పంపడానికి కావలసింది తుపాను గాలికి తట్టుకునే మాస్టు కాదు. అది ఇంజనీర్లు పునాది తీసి కట్టే టవరు పని. గాలి తగ్గాక ఇద్దరు మనుషులు ఆటోలోనో పడవలోనో తీసుకెళ్ళి, అరగంటలో బడి ఆవరణలో లేపగలిగిన మాస్టు మన పని. ఈ తేడా తెలిస్తే బరువు ఎంత ఉండాలో, ఎత్తు ఎంత చాలో వాటంతటవే తేలతాయి.

ఎత్తు సంగతి ఇక్కడే ముగించేస్తాను. మన దగ్గర పగటిపూట ఎక్కువగా వాడేది 7 మెగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 40 మీటర్లుండే బ్యాండ్. డెల్టా నుంచి విజయవాడ, విశాఖ, హైదరాబాద్ అన్నీ 400 కిలోమీటర్ల లోపే. ఆ దూరాలకి తరంగం పైకి నిటారుగా వెళ్ళి, అయానో ఆవరణం (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) తగిలి కిందికి రావాలి. 9 మీటర్ల ఎత్తు అంటే ఆ తరంగదైర్ఘ్యంలో దాదాపు అయిదో వంతు. ఆ ఎత్తులో కట్టిన తలకిందుల వి ఆకారపు డైపోలు (మధ్యలో కేబులు కలిపి రెండు వైపులా తీగ చాచిన యాంటెన్నా) పైకే ఎక్కువ ప్రసారం చేస్తుంది. 12 మీటర్లకి పోతే ఈ దూరాలకి దక్కేది ఏమంత ఉండదు, పాదం మీద భారం మాత్రం బాగా పెరుగుతుంది. 145 మెగాహెర్ట్జ్ వాడేవాళ్ళకి ఎత్తు పనికొస్తుందన్న మాట నిజమే. కానీ సెట్టు నుంచి యాంటెన్నాకి పోయే సన్నని ఆర్‌జి-58 కేబులు 12 మీటర్లు దింపేసరికి ఆ బ్యాండ్‌లో శక్తి సుమారు 40 శాతం దారిలోనే పోతుంది. అదే కేబులు, అదే పొడవు 7 మెగాహెర్ట్జ్‌లో మింగేది మొత్తం శక్తిలో పదో వంతే. కాబట్టి 9 మీటర్ల దగ్గర ఆగుదాం.

ఇప్పుడు గాలి. మాస్టు మూడు అల్యూమినియం గొట్టాలనుకోండి: బయటి కొలత కింద 50 మిల్లీమీటర్లు, మధ్యలో 44, పైన 38. గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే గొట్టాలు, కేబులు, యాంటెన్నా తీగ అన్నీ కలిపి పక్కకి పడే తోపు సుమారు నాలుగున్నర కిలోలు. వినడానికి తక్కువే. కానీ అది సగటున నాలుగున్నర మీటర్ల ఎత్తున తోస్తుంది. తాళ్ళు లేకుండా పాదం ఒక్కటే దాన్ని ఆపాలంటే, పాదం అంచు మధ్య నుంచి అర మీటరు దూరంలో ఉన్నా 40 కిలోల బరువు దాని మీద ఉండాలి. గాలి 60కి పెరిగితే తోపు రెండింతలకి పైగా పెరుగుతుంది, ఎందుకంటే గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పోతుంది. అప్పుడు కావలసింది 90 కిలోలు.

అదే మాస్టుకి 6 మీటర్ల ఎత్తున తాళ్ళు కట్టి, 4.5 మీటర్ల దూరంలో నేలకి బిగించండి. 40 కిలోమీటర్ల గాలికి ఒక తాడు మీద పడే లాగుడు అయిదున్నర కిలోలు. 60 కిలోమీటర్ల గాలికి పన్నెండున్నర. ముందుగా మనం బిగించిన బిగువు దానికి అదనం, అంతే. 90 కిలోల ఇనుము మోసుకెళ్ళడమా, నాలుగు తాళ్ళు చుట్టుకెళ్ళడమా అన్నది ఇంక వాదించాల్సిన విషయం కాదు.

మాస్టుని లాగి పట్టే ఈ తాళ్ళని హామ్‌లు గై అంటారు, కరెంటు లైన్‌మెన్ స్టే అంటారు. గై తాడు అనే రాస్తాను.

ఈ లెక్క చేతిలో ఉంటే, జనం సాధారణంగా సలహా చెప్పే మూడు రకాల పాదాలు డెల్టాకి ఎందుకు పనికిరావో చూడొచ్చు. మొదటిది, 20 లీటర్ల బకెట్టులో కాంక్రీటు పోసి గొట్టం నిలబెట్టడం. కాంక్రీటుతో నిండిన బకెట్టు 48 కిలోలు తూగుతుంది. అంత బరువు ఉందిగా అనిపిస్తుంది. కానీ బకెట్టు అంచు మధ్య నుంచి 15 సెంటీమీటర్లే. అంత దగ్గరి అంచుతో 40 కిలోమీటర్ల గాలిని ఆపాలంటే 133 కిలోలు కావాలి. ఉన్న 48తో గాలి 25 దాటిందంటే ఒరిగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తీరంలో సముద్రపు గాలి ఆ వేగం చాలాసార్లే దాటుతుంది. మోయలేం, నమ్మలేం.

రెండోది ట్రైపాడ్, మూడు కాళ్ళ స్టాండు. గట్టి నేల మీద దానికి వంక పెట్టలేం. మెత్తటి నేలలో మూడు కాళ్ళు మూడు సన్నని మొనలు. మూడూ ఒకే లోతుకి దిగవు. ఒక కాలు రెండు అంగుళాలు దిగితే, ఆ కాళ్ళ మధ్య దూరం మీటరైతే, 9 మీటర్ల పైన కొస దాదాపు అర మీటరు పక్కకి వాలుతుంది. వాలిన మాస్టు బరువు ఆ కాలి మీదే ఇంకా పడుతుంది, అది ఇంకా దిగుతుంది. ప్రతి కాలి కింద పలక వేస్తే పని జరుగుతుంది, నిజమే. కానీ మూడు పలకలు వేసేకంటే ఒక్క పెద్ద పలక వేసి కాళ్ళు తీసేస్తే సరిపోదా?

మూడోది ఎక్కువమంది మెచ్చుకునేది. ఇనప పలకకి పైపు సాకెట్టు వెల్డింగ్ చేసి, పలకని కారు చక్రం కింద పెట్టి, బండి బరువే లంగరుగా వాడుకోవడం. విదేశాల్లో, విశాలమైన మైదానాల్లో దీన్ని మించింది లేదు. ఇక్కడ దానితో వచ్చే చిక్కు బలానికి సంబంధించింది కాదు, చోటుకి సంబంధించింది. డెల్టాలో కారు ఎక్కడ ఆగుతుంది? కాలవ గట్టు మీద, ఊరి రోడ్డు మీద. కరెంటు తీగలు ఎక్కడ పోతాయి? ఆ గట్టు వెంటే, ఆ రోడ్డు వెంటే. బండికి కట్టుబడిన మాస్టు మనల్ని 11 వేల వోల్టుల తీగ కిందికి తీసుకెళ్ళి నిలబెడుతుంది. మాస్టు నిలబెట్టే చోటు బండి నిర్ణయించకూడదు. గట్టు దిగి కళ్ళంలోకి, బడి ఆవరణలోకి, తోట మధ్యకి నడిచి వెళ్ళగలగాలి. అందుకే సొంత కాళ్ళ మీద నిలిచే పాదం కావాలి.

ఇక పాదం ఎలా చేయాలో చెబుతాను.

నేల మీద ఆనేది మూరెడు చదరపు చెక్క: 45 సెంటీమీటర్లకి 45, మందం 18 మిల్లీమీటర్లు, వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. మాస్టు బరువు, తాళ్ళ బిగువు కిందికి నొక్కేది, గాలికి అదనంగా పడేది కలిపి పాదం మీద సుమారు 30 కిలోల భారం ఉంటుంది. 50 మిల్లీమీటర్ల గొట్టం కొసనే నేల మీద పెడితే చదరపు సెంటీమీటరుకి ఒకటిన్నర కిలో నొక్కుడు. తడి బంకమట్టి దాన్ని మోయదు. అదే భారం మూరెడు చెక్క మీద పరిస్తే నూరో వంతు అవుతుంది. ఊడ్పుల చేలో కాలు పెడితే దిగే చోట కూడా ఈ చెక్క పైనే ఉంటుంది. పాదం దిగడం ఎందుకంత చెడ్డదంటే, అది 5 సెంటీమీటర్లు దిగితే నాలుగు తాళ్ళూ ఒకేసారి 4 సెంటీమీటర్ల చొప్పున వదులవుతాయి. పొద్దున్న బిగువుగా ఉన్న మాస్టు మధ్యాహ్నానికి ఊగడం మొదలుపెడితే తాళ్ళని తిట్టకుండా ముందు పాదం చూడాలి.

చెక్క మీద 20 సెంటీమీటర్ల చదరం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప ప్లేటు, నాలుగు మూలలా ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులతో. బోల్టు తలలు కింద పెట్టి చెక్కలోకి ముంచాలి, నట్లు పైన. ప్లేటు మీద రెండు చెవులు నిలువుగా వెల్డింగ్ చేయించాలి: 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మందం ఉన్న ఇనప పట్టీ, ఒక్కోటి 18 సెంటీమీటర్ల ఎత్తు. చెవుల మధ్య ఇంచుంబావు జి.ఐ. (జింకు పూత వేసిన ఇనప) పైపు తిరగాలి. దాని బయటి కొలత 42 మిల్లీమీటర్ల పైచిలుకు, కాబట్టి చెవుల మధ్య ఖాళీ 45 ఉండాలి. ఒక్కో చెవికి రెండు చిల్లులు, 12 మిల్లీమీటర్ల బోల్టుకి: ప్లేటు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, 15 దగ్గర ఇంకోటి. చెవుల్ని విడివిడిగా కొలిచి చిల్లులు పెట్టొద్దు. రెండిటినీ కలిపి క్లాంపు బిగించి ఒకే డ్రిల్లుతో తీయాలి. లేకపోతే బోల్టు వంకరగా దిగుతుంది.

వెల్డింగ్ షాపులో ఒక మాట గట్టిగా చెప్పాలి. వెల్డింగ్ చల్లారేటప్పుడు చెవులు లోపలికి లాక్కుంటాయి. షాపులో చేసేటప్పుడు 45 ఉన్న ఖాళీ ఇంటికొచ్చేసరికి 42 అవుతుంది, పైపు పట్టదు. చెవుల మధ్య పైపు ముక్క, రెండు పక్కలా వాషర్లు పెట్టి, బోల్టు బిగించి, ముందు నాలుగు చుక్కలు పెట్టించి, ఆ తరవాతే పూర్తి వెల్డింగ్ చేయించాలి. ఒక చెవి పూర్తిచేసి రెండోది మొదలుపెట్టకుండా మార్చి మార్చి వెయ్యమనాలి. జి.ఐ. పైపుకి మాత్రం ఎక్కడా వెల్డింగ్ వద్దు. జింకు కాలిన పొగ ఒంటికి చేటు, అతుకు కూడా బుడగలు బుడగలుగా వస్తుంది. ఈ పద్ధతిలో పైపుకి బోల్టులే చాలు. వెల్డింగ్ మీద పొక్కు కొట్టి, తోమి, రెడాక్సైడ్ రెండు పూతలు, పైన ఎనామిల్ రంగు. ప్లైవుడ్ అంచులకి రంగు మూడు పూతలు వెయ్యాలి, నీళ్ళు ఎక్కేది అంచుల్లోంచే.

ఆ ఇంచుంబావు పైపు 60 సెంటీమీటర్లు తీసుకోవాలి. కింది కొస నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర 12 మిల్లీమీటర్ల చిల్లు, ఇది మడతబందు బోల్టుకి. 13 దగ్గర ఇంకో చిల్లు. మాస్టు నిలబడ్డాక చెవుల పై చిల్లులోంచి రెండో బోల్టు దీంట్లోకి దూరి తాళం పడుతుంది. 18 దగ్గర ఎం8 బోల్టు అడ్డంగా. మాస్టు అడుగు గొట్టం పైపు మీద తొడిగితే ఈ బోల్టు మీద ఆగుతుంది. ఈ అడ్డబోల్టు లేకపోతే గొట్టం చెవుల దాకా జారి, మాస్టు లేపేటప్పుడు చెవుల మూలలకి తగిలి నలుగుతుంది. గొట్టం లోపలి కొలత 45 అయితే పైపు చుట్టూ కొంచెం వదులు మిగులుతుంది. పైపుకి రెండు చోట్ల ఇన్సులేషన్ టేపు పట్టీలా చుడితే సరిపోతుంది. గొట్టాన్ని పైపు లోపల దూర్చకుండా మీద ఎందుకు తొడగాలంటే, లోపల దూర్చితే వాన నీళ్ళు, ఇసుక అడుగున చేరి గొట్టం బిగుసుకుపోతుంది.

పాదం మొత్తం సుమారు 7 కిలోలు. ఒక చేత్తో పట్టుకుని గట్టు దిగొచ్చు.

గొట్టాలు ఒక్కోటి 3.25 మీటర్లు. ఒకదాంట్లో ఒకటి 35 సెంటీమీటర్లు దూరాలి, అప్పుడు మొత్తం 9 మీటర్లు దాటుతుంది, బరువు ఏడున్నర కిలోలు. కింది గొట్టం గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లు, మిగతావి రెండు. కాగితం మీద కొలతలు కలిసినా షాపులో ఒకదాంట్లో ఒకటి దూర్చి చూసుకునే కొనాలి. అతుకు దగ్గర ఒక అడ్డబోల్టు వేస్తే పై గొట్టం లోపలికి జారదు, చుట్టూ తిరగదు. ఎండిన ముదురు వెదురు వాడదలచుకున్నా ఇబ్బంది లేదు. పచ్చి వెదురు, పచ్చి సరుగుడు కర్ర మాత్రం వద్దు, వాటి బరువుకి ఒక్కరు లేపలేరు.

రెండో గొట్టం పైకొస 6 మీటర్లకి కొంచెం పైన వస్తుంది. గై తాళ్ళ రింగు అక్కడ కూర్చుంటుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలో అరచేయంత గుండ్రం కోసి, మధ్యలో పై గొట్టం దూరే చిల్లు, చుట్టూ తాళ్ళకి నాలుగు చిల్లులు. చిల్లుల అంచుల్ని ఆకురాయితో నున్నగా తోమాలి. తాడు తెగేది ఎప్పుడూ ఆ అంచు దగ్గరే. రింగు కింద ఒక హోస్ క్లిప్పు బిగిస్తే కిందికి దిగదు. రింగుని గొట్టానికి బిగించెయ్యకూడదు, స్వేచ్ఛగా తిరగాలి.

తాడు విషయంలో కోనసీమలో మొదట గుర్తొచ్చేది కొబ్బరి తాడే. ఉప్పు నీటికి ఓర్చుకుంటుంది, గరుకుగా ఉండి వెదురుకి కట్టు కడితే జారదు. గై తాడుగా మాత్రం పనికిరాదు, ఎందుకంటే బాగా సాగుతుంది. నైలాన్ బలమైందే, కానీ తడిస్తే సాగుతుంది. రాత్రి మంచు పడ్డాక పొద్దున్నే బిగువు చూడకపోతే మాస్టు వాలి కనిపిస్తుంది. పడవల వాళ్ళు వాడే రంగురంగుల ప్లాస్టిక్ తాడు తక్కువ సాగుతుంది, కానీ ఎండకి పొడిబారుతుంది. గోటితో గీకితే పొడి రాలే తాడుని ఆ రోజే పక్కన పెట్టాలి. అన్నిటిలోకి పాలియెస్టర్ తాడు మేలు, 5 లేదా 6 మిల్లీమీటర్లది. ఇనప తీగ వద్దు. అది యాంటెన్నా పక్కనే వేలాడే ఇంకో లోహపు తీగ, దాన్ని ముక్కలు చేసి మధ్యలో ఇన్సులేటర్లు వేసే బాధ మనకెందుకు? యాంటెన్నా తీగల్నే గై తాళ్ళుగా వాడే పద్ధతీ వద్దు. ఆ తీగ సాగితే మాస్టు ఒరుగుతుంది, తీగ సర్దాలంటే మాస్టు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

నాలుగు తాళ్ళు, ఒక్కోటి 10 మీటర్లు. 6 మీటర్ల ఎత్తు, 4.5 మీటర్ల దూరం అయితే తాడు పొడవు ఏడున్నర, మిగతాది ముడికి, సర్దుబాటుకి. కొలత టేపు లేకపోయినా ఈ కొలతలు 3:4:5 పాళ్ళలో ఉన్నాయి కాబట్టి తాడు మీద ఏడున్నర దగ్గర గుర్తు పెట్టుకుంటే చాలు, ఆ గుర్తు నేలని తాకేచోటే లంగరు. మూడు తాళ్ళతోనూ మాస్టు నిలుస్తుంది. నాలుగు ఎందుకంటే, మడతబందు మీద మాస్టుని లేపేటప్పుడు పక్కలకి ఒరగకుండా రెండు తాళ్ళు ముందే బిగించి ఉండాలి.

లంగరు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే డెల్టాలో నేల పది కిలోమీటర్లకి ఒకలా మారుతుంది.

కోతలయ్యాక ఎండిన చేను, కళ్ళం, బడి మైదానం అయితే 35 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మందం ఉన్న యాంగిల్ (ఎల్ ఆకారపు) ఇనుము, 60 సెంటీమీటర్ల మేకులు చాలు. షామియానా వాళ్ళు కొట్టే తీరు గమనించండి, నిటారుగా కొట్టరు. మేకు తల మాస్టుకి దూరంగా వాలాలి, తాడు నేల మట్టాన కట్టాలి. మేకు తలకి ఎత్తుగా కడితే ఆ పొడవు గునపంలా పనిచేసి మేకుని తనే పెకలిస్తుంది. నల్లరేగడి బీటలు తీసిన చోట బీట పక్కన కొట్టిన మేకు అసలు పట్టదు. రెండు బీటల మధ్య గట్టి దిమ్మ వెతుక్కోవాలి.

దమ్ము చేసిన చేలో పైన జానెడు బురద, దాని కింద ఏళ్ళ తరబడి తొక్కుడు పడి గట్టిపడిన పొర ఉంటుంది. 60 సెంటీమీటర్ల మేకులో సగం బురదలోనే పోతుంది. అక్కడ 90 సెంటీమీటర్ల మేకు కావాలి, లేదా గట్టు మీదికి జరిగి కొట్టాలి. సార్వా, దాళ్వా మధ్య ఖాళీలో తప్ప చేలోకి దిగకపోవడమే మంచిది, రైతు గట్టుని గుల్ల చెయ్యకపోవడం కూడా.

లంక ఇసుకలో, సముద్రపు ఒడ్డున మేకుల మాట మరిచిపోవాలి. ఖాళీ సిమెంటు బస్తాలో సగం ఇసుక నింపి, మూతి తాడుతో కట్టి, మోచేతి లోతు కంటే కొంచెం ఎక్కువ, 50 సెంటీమీటర్ల గొయ్యి తీసి అడ్డంగా పూడ్చాలి. తాడు బయటికి వచ్చే వైపు మాస్టు దిక్కుగా సన్నటి గాడి తీస్తే తాడు వంగకుండా తిన్నగా పోతుంది. బస్తా మీద పడే ఇసుకే 100 కిలోల పైన ఉంటుంది, మనకి కావలసిన పైకి లాగుడు 10 కిలోలు. ఒక్క జాగ్రత్త: వానాకాలం లంకల్లో రెండడుగులు తవ్వేసరికి నీళ్ళు ఊరతాయి. నీళ్ళలో మునిగిన ఇసుక బరువు దాదాపు సగమే లెక్క. అయినా చాలుతుంది, కానీ లోతు తగ్గించకూడదు. మేకులు, గునపం అక్కర్లేకుండా ఒక పార, నాలుగు ఖాళీ బస్తాలతో పోయే ఈ లంగరు నాకు అన్నిటికంటే ఇష్టం. మడిస్తే చంకలో పడుతుంది.

సిమెంటు గచ్చు, డాబా, తుపాను షెల్టరు ఆవరణ అయితే గొయ్యి లేదు, మేకు లేదు. ఇసుక బస్తాలే పైన పెట్టాలి. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. 25 కిలోల బస్తా ఒకటి పెట్టారనుకోండి. 60 కిలోమీటర్ల గాలికి తాడు దాన్ని 10 కిలోలు పైకి లేపుతుంది. మిగిలిన 15 కిలోల బరువుకి గచ్చు మీద రాపిడి సుమారు ఏడున్నర కిలోలు. తాడు పక్కకి లాగేదీ ఏడున్నరే. అంటే అంచు మీద ఉన్నాం. ఒక్కో తాడుకి రెండు బస్తాలు, 50 కిలోలు పెడితే రాపిడి 20 కిలోలకి చేరుతుంది, అప్పుడు నిద్రపడుతుంది. 20 లీటర్ల నీళ్ళ టిన్నులు ఎక్కడైనా దొరుకుతాయి గానీ వాటి అడుగు నున్నన, తడి గచ్చు మీద జారతాయి. కింద గోనెపట్ట వేస్తే కొంత మేలు.

ఏ లంగరైనా తాడు కట్టే ముందు మనిషి వెనక్కి పూర్తిగా వాలి లాగి చూడాలి. అది 30 కిలోలకి తక్కువ లాగుడు కాదు. కదలకపోతే మన గాలికి కదలదు.

కొబ్బరితోట వేరే లోకం. చెట్ల మధ్య 8 మీటర్ల ఎడం ఉన్న తోటలో నాలుగు చెట్ల చదరం నడిమధ్య పాదం పెడితే ఒక్కో మొదలు 5.6 మీటర్ల దూరంలో పడుతుంది. నాలుగు మొదళ్ళే నాలుగు లంగర్లు. తాడు మొదలు దగ్గర, నేల మట్టానే చుట్టాలి. పైన కడితే చెట్టు ఊగినప్పుడల్లా మాస్టు ఊగుతుంది. మేకు కొట్టడం మాత్రం ఎన్నడూ వద్దు. మొవ్వులోనో మానులోనో గాయం కనిపిస్తే ఎర్రముక్కు పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. మనం ఒక పూట యాంటెన్నా కట్టుకుని వెళ్ళిపోతాం, రైతుకి చెట్టు పోతుంది. పాదం పెట్టేముందు తల పైకెత్తి చూడాలి, ఎండుమట్ట, గెల ఏ చెట్టుకి వేలాడుతోందో. 7 మెగాహెర్ట్జ్‌కి తోట పెద్ద అడ్డు కాదు, 145కి తడి ఆకులు బాగా అడ్డు.

40 మీటర్ల డైపోలు ఒక్కో చెయ్యి 10 మీటర్లు. కొస నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తున ఉంచితే తీగల మధ్య కోణం దాదాపు 100 డిగ్రీలు వస్తుంది, 90కి తగ్గకూడదు. కొస తాడు నేలకి చేరేది మాస్టు నుంచి పదిన్నర మీటర్ల దగ్గర. అంటే 21 మీటర్ల పొడవు ఖాళీ కావాలి. తోటలో అయితే చెట్ల వరస మధ్య చాలు వెంబడి లాగాలి.

లేపడం. పాదం కింద గుప్పెడు వరిగడ్డి పరిచి చెక్క వెయ్యాలి. బురద చెక్కని పీల్చిపట్టకుండా ఉంటుంది, జారడమూ తగ్గుతుంది. చెక్క రెండు మూలల్లో చిల్లులు పెట్టి చిన్న మేకులు దించాలి. తాడు లాగేటప్పుడు పాదం లాగేవాడి వైపే జారుతుంది, ఆ మేకులు లేకపోతే మాస్టు సగం లేచాక పాదం కాళ్ళ మీదికి వస్తుంది. మాస్టు పడుకోబెట్టి, యాంటెన్నా, కేబులు, తాళ్ళు అన్నీ కట్టేశాక రెండు పక్క లంగర్లు సరిగ్గా మడతబందు బోల్టు గీతలో, రెండు వైపులా ఉండాలి. ఈ ఒక్క సంగతి తప్పితే అన్నీ తప్పుతాయి. లంగరు వెనక్కి, అంటే మాస్టు పడుకున్న వైపుకి జరిగి ఉంటే లేచేకొద్దీ తాడు బిగుసుకుని గొట్టం వంగుతుంది. ముందుకి జరిగితే నిలబడ్డాక వదులైపోతుంది. పాదం గట్టు మీద, పక్క లంగరు కింద చేలో ఉంటే కూడా అదే బాధ. అర మీటరు పల్లంలో ఉన్న లంగరుకి మాస్టు లేచేసరికి 40 సెంటీమీటర్ల తాడు అదనంగా కావాలి. ముందే వదిలి ఉంచుకోవాలి.

వెనక తాడు పొడవు చూసి ముందే కట్టేస్తే మాస్టు నిటారు దాటి అవతలికి పడిపోదు. ఒకరు కొస వైపు నుంచి చేతుల మీద ఎత్తుకుంటూ పాదం వైపు నడవాలి, రెండోవారు ముందు తాడు లాగాలి. మొదటి మనిషి భుజం దాటాకే రెండోవారి లాగుడుకి పట్టు దొరుకుతుంది, అంతకుముందు తొందరపడితే గొట్టం మధ్యలో విల్లులా వంగుతుంది. ఒక్కరే ఉంటే పాదం దగ్గర 2 మీటర్ల వెదురు నిటారుగా నిలిపి, ముందు తాడు దాని తల మీదుగా పోనివ్వాలి. లాగుడు 20 కిలోల లోపే, నిండు బకెట్టు బావిలోంచి తోడినంత.

నిలబడగానే పై బోల్టు దూర్చాలి. ఒక దిక్కు నుంచి, దానికి అడ్డదిక్కు నుంచి దారం కట్టిన గుండు ఎదురుగా పట్టుకుని నిలువు చూడాలి. బిగువు ఎంతంటే, తాడు మధ్యలో రెండు వేళ్ళతో మెల్లగా లాగితే జానెడు కదలాలి. వీణ తీగలా మోగే తాడు మాస్టుని నేలలోకి నొక్కుతోందని లెక్క. గంటయ్యాక ఒకసారి, సాయంత్రం మంచు దిగాక ఒకసారి సర్దుకోవాలి.

పాదం పెట్టే చోటు ఎంచేటప్పుడు కరెంటు తీగకి మాస్టు ఎత్తుకి రెట్టింపు దూరం, 18 మీటర్లు, కచ్చితంగా వదలాలి. ఇది బేరమాడే కొలత కాదు. లేపేటప్పుడు మాస్టు పడగలిగిన ప్రతి దిక్కూ చూడాలి. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లకి (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలకి) గట్ల మీదుగా కేబుళ్ళు పోతుంటాయి, వాటి మీద మేకు కొట్టకుండా గడ్డి పక్కకి తీసి చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుము వినపడితే కేబులు సెట్టు నుంచి ఊడదీసి, అందరూ పక్కా ఇంట్లోకి వెళ్ళాలి. పిడుగులు పడే వేళ అల్యూమినియం గొట్టాన్ని దించడానికి చేతులు పెట్టకూడదు. మబ్బు పట్టినప్పుడే, ఉరుముకి ముందే దించాలి.

దించాక అదే రోజు గొట్టాలు విడదీయాలి. సముద్రపు గాలి తగిలిన అతుకుని వారం వదిలేస్తే తెల్లటి పొడి పట్టి బిగుసుకుంటుంది, సుత్తి పెట్టినా రాదు. మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. అతుకుల్లో గ్రీజు రాయొద్దు, ఇసుకంతా దానికే అంటుకుంటుంది. గ్రీజు మడతబందు బోల్టుకే. చెక్క బురదలో అతుక్కుపోతే లాగడానికి ఒక మూల చిల్లులో తాడు ఉచ్చు ముందే కట్టి ఉంచుకోవాలి. తాళ్ళు నీడన ఆరబెట్టి, ఒక్కోటి విడిగా చుట్టి, కొసలకి గుడ్డముక్కలు కట్టాలి: పక్క తాళ్ళకి ఎరుపు, ముందు తాడుకి పసుపు, వెనక తాడుకి తెలుపు. చీకట్లో టార్చి వెలుగులో లేపాల్సి వచ్చిన రోజు ఏ తాడు ఎవరి చేతిలో ఉందో పేరు పెట్టి కాకుండా రంగు పెట్టి పిలుచుకోవచ్చు.